జంధ్యాల పున్నమి నాటి గడప

దోమలగూడ షెడ్డులో నేతలో ఉన్న పడుగులన్నీ కత్తెరతో అడ్డంగా కోసి ఉన్నాయి. మగ్గం మీది పడుగును తెంపడమంటే నేత కులపు శాలోళ్ల ఇంట్లో పీనుగ లేచినట్టే. షెడ్డు ఖాళీ చేయించి అపార్టుమెంట్లు లేపాలని యజమాని సేటు శ్రీశైలం పన్నిన పన్నాగం అది. పాలమూరు నుంచి వచ్చి ఆ మగ్గాలనే నమ్ముకున్న నేతగాళ్లంతా చిక్కడపల్లిలో ఆయన చీరల దుకాణం ముందు బైఠాయించారు.

వాళ్ల పెద్దమనిషి చెన్నయ్యకు మాత్రం ఇంకా ఆశ చావలేదు. శ్రీశైలం తన కులపోడు, పైగా కులసంఘం అధ్యక్షుడు. సొంత కులం కడుపు కొడతాడా? పడుగులు కోసింది మేనేజరే, తనకు తెలియదని ఆయన కబురు పంపితే నమ్మేశాడు. జంధ్యాల పున్నమి నాడు నారాయణగూడ సంఘ భవనంలో మాట్లాడుకుందామంటే సరేనన్నాడు.

బీరమ్మ వద్దని మొత్తుకుంది. గొంగళ్లు నేసే కురుమల బిడ్డ ఆమె. షెడ్డులో చీరల మగ్గం నేర్చుకుంది, దుకాణం ముందు ధర్నాను నిలబెట్టిందీ ఆమే. కులసంఘంలోకి పోతే మనల్ని చీలుస్తారని ఎంత చెప్పినా చెన్నయ్య చెవికెక్కలేదు.

అన్నంత పనీ అయింది. జంధ్యం మార్చుకునే మగవాళ్లే లోపలికి రావాలని శ్రీశైలం మనుషులు గడపలో అడ్డం నిలబడ్డారు. ఆడవాళ్లూ, వేరే కులాలవాళ్లూ బయటే ఉండాలట.

"జర ఆగు బీరమ్మా. మనోడే గద, ఒప్పించుకొస్త" అంటూ చెన్నయ్య గడప దాటాడు. కులపు మగవాళ్లంతా అతని వెనకే లోపలికి పోయారు. ఆ ఒక్క అడుగే కొంప ముంచింది.

శ్రీశైలం స్వయంగా అతని మెడలో కొత్త జంధ్యం వేశాడు. అంతలో బయట కేకలు. కిటికీలోంచి చూస్తే పోలీసులు ఆడవాళ్లను ఈడ్చి వ్యానులోకి తోస్తున్నారు. బీరమ్మ పక్కనే చెన్నయ్య భార్య మాసమ్మ కూడా ఉంది.

"పరేషాన్ గాకు చెన్నన్నా. బయటోళ్లను తీస్కపొమ్మని నేనే చెప్పిన. ఇగ మన ముచ్చట మనం మాట్లాడుకుందాం" అన్నాడు శ్రీశైలం నింపాదిగా.

నమ్మించి గొంతు కోశాడు దొంగముండాకొడుకు! కులం పేరు చెప్పి మరీ కోశాడు.  తన భుజం మీద వేసిన శ్రీశైలం చేతిని విదిలించుకుని చెన్నయ్య బయటికి ఉరికాడు. వెనకే ఒకరొకరుగా నేతగాళ్లంతా లేచారు.

ఎస్సై లాఠీ అడ్డం పెట్టి, మీ మీద కేసు లేదు, లోపలికి పొమ్మన్నాడు. చెన్నయ్య వినలేదు. వ్యాను జాలీ పట్టుకుని తప్పయిందన్నాడు. మాసమ్మ మొహం తిప్పుకుంది. బీరమ్మ మాత్రం సూటిగా చూసింది.

"నిన్ను మాఫ్ చెయ్యనే అన్నా. గని బండి కదలనియ్యకు."

చెన్నయ్య వెళ్లి చక్రాల ముందు కూర్చున్నాడు. మగవాళ్లందరూ వచ్చి అతన్ని ఒరుసుకుని రోడ్డుకడ్డంగా కూర్చున్నారు.