మిషన్లు ఆపిన పూట

కొనేవాడి మొహం చూస్తే సరుకు కదులుతుందో లేదో వ్యాపారికి తెలిసిపోతుంది. కోడలి పాఠం కదలడం లేదని మామగారికి ఇట్టే తెలిసింది.

ఆయనది బట్టలు కుట్టే దుకాణం. ఒకప్పుడు పైగదిలో అద్దెకున్న మనిషి ఆ తర్వాత దేశమంతా పాడుకునే బాణీలు కట్టాడు. పంతులమ్మ అయిన కోడలు ఆ గది చూపించి ఆయన కథ చెబుదామని పిల్లల్ని తీసుకొచ్చింది. "వాళ్ళు విసుక్కుంటే మళ్ళీ బడి దాటనివ్వను" అని పెద్ద పంతులమ్మ ముందే తేల్చి చెప్పి, తానూ వెంట వచ్చింది.

పుట్టిన ఏడు, చదివిన చదువు, పొందిన బిరుదులు... పైగదిలో కోడలు వరసగా చెప్పుకుపోతోంది. ఒకడు ఆవులించాడు. ఆవులింతకు పొరుగు మీద ప్రేమ ఎక్కువ, వరసంతా పాకింది.

"అమ్మాయ్, సరుకు అరలో ఉంచి గొప్పలు చెబితే ఎవరు కొంటారు? చేతికివ్వాలి," అన్నాడు మామగారు మెల్లగా.

"అయితే మీరే ఇవ్వండి మామయ్యగారూ. నా గొంతు ఎండిపోయింది."

ఆయన అందరినీ కిందికి దింపాడు. అక్కడ మిషన్లు టకటకలాడుతున్నాయి.

"పైన అంతటివాడు పాట కడుతుంటే కింద ఈ గోలేమిటని మా నాన్న ఒక పూట మిషన్లన్నీ ఆపించాడర్రా. పుణ్యం చేశాననుకున్నాడు! కాసేపటికే ఆ పైగది ఆయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు."

"తిట్టాడా తాతా?"

"బతిమాలాడు. 'మీ చప్పుడు మీదే పాట నడుస్తోందయ్యా, నడివీధిలో వదిలేశారే!' అన్నాడు. పాట పేరుకెక్కాక మళ్ళీ వచ్చి, కుట్టేవాళ్ళందరికీ దణ్ణం పెట్టాడు. ఆ బాణీ ఎక్కడిదని ఎవరడిగినా మా కొట్టు పేరే చెప్పేవాడు."

ఆవులించినవాణ్ణి ఖాళీ మిషను ముందు కూర్చోబెట్టి తొక్కమన్నాడు. మిగతావాళ్ళు ఆ చప్పుడుకు చప్పట్లు కలిపారు. వాటి మీద మామగారు ఆ పాట పల్లవి ఎత్తుకున్నాడు.

"అది మా అమ్మ పాడేదే!" అని ఒక పిల్ల అరిచింది.

ఇక చూడాలి. ఆ పాట కట్టినాయన ఎక్కడ పడుకునేవాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, బిరుదు ఎవరిచ్చారు? అంతా కోడలి కొంగు పట్టుకున్నారు. ఇందాక ఎవరికీ అక్కర్లేని సంగతులన్నీ ఆమె నవ్వుతూ చెబుతోంది.

పెద్ద పంతులమ్మ మామగారి దగ్గరికి వచ్చింది. "ఇంకో తరగతి కూడా ఉందండీ. మీకు పని లేని పూట చెబితే..."

"పని లేని పూట ఎక్కడిదమ్మా? ఆయన చలవ వల్ల మాకు ఆ పూట రాలేదు," అన్నాడాయన చేతులు జోడించి. "గోలగా ఉన్నప్పుడే తీసుకురండి."