కొంగుతో తుడిచే అలవాటు

మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. తాత తాళాలు తీసేవాడు, నాన్న కిటికీ ఊచలు వంచేవాడు. ఇద్దరూ జైలు కూడు తిన్నవాళ్ళే. నేను మాత్రం మూడేళ్ళుగా ఒక ఆఫీసులో గదులు ఊడ్చి, తుడిచి, తలెత్తుకు తిరిగాను. నా కూతురి బడి ఫీజు ఆ జీతంలోంచే.

మా అమ్మ చిన్నప్పుడే నాకొక మర్యాద నేర్పింది: పరాయి వస్తువు ముట్టుకుంటే కొంగుతో తుడవాలి. తలుపు గడియ గానీ, బీరువా పిడి గానీ తుడవకుండా వదిలితే నా వీపు విమానం మోత మోగేది. అదంతా శుభ్రం అనుకున్నాను. ఎక్కడా చేతి మరక కనబడదని ఆఫీసులోనూ మెచ్చుకునేవారు.

మొన్న మేనేజరు గారి బీరువాలో ల్యాప్‌టాప్ కనబడలేదు. పోలీసులు వచ్చి చూసి, పిడి మీద ఒక్క వేలిముద్ర కూడా లేదన్నారు. ఎవరు తుడిచారని అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. నేనే తుడిచానని, ముట్టుకున్నవన్నీ తుడుస్తానని గొప్పగా చెప్పాను. నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబుల్ నన్ను ఎగాదిగా చూసి, మీ నాన్న ఎవరని అడిగాడు. చెప్పాను.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అన్నాడు.

ఆ మర్యాద ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రానికి ల్యాప్‌టాప్ మేనేజరు గారి కారు సీటు కిందే దొరికింది. పాపం, ఆయన చాలా నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ బట్టలు మడతపెడుతూ తల ఎత్తలేదు.

"మా అత్త నాకు నేర్పింది, నేను నీకు నేర్పాను. ఎందుకని నేనూ అడగలేదే," అంది.

అంతలో నా కూతురు బడి నుంచి వచ్చింది. తలుపు తీసి, సొంతిల్లా పరాయిల్లా అని లేకుండా గడియని గౌను అంచుతో తుడిచింది. దానికి నేర్పింది నేనే. చేతి మీద ఒక్కటిచ్చాను.

"ఇంకెప్పుడూ తుడవకు. నీ చెయ్యి పడ్డట్టు తెలియనీ."

అది బిక్కమొహం వేసుకుని, ఎందుకమ్మా అని అడిగింది. మా ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి అదే. కూర్చోబెట్టి అన్నీ చెబుదామని వెళ్ళి తలుపు గడియ పెట్టాను. పెట్టి చూసుకుంటే, కొంగు నా చేతిలోనే ఉంది.