బొంతలో సూది

కోడలు దిల్రబో పింగాణీ గిన్నెలో టీ పోసి అందించింది. సనోబర్ దాన్ని వెనక్కి నెట్టింది.

"ముందు నువ్వు తాగు."

"మొదటి గిన్నె నేనే తాగాను కదా అత్తయ్యా!"

"మళ్ళీ తాగు. నీ సొమ్మేం పోయింది?"

టీ పోసే మనిషి మొదటి గిన్నె తాను తాగడం ఉజ్బెకిస్తాన్‌లోని ఆ నురాతా ఊళ్ళో మర్యాద. ఆ ఇంట్లో మాత్రం మూడు నెలలుగా అది టీలో విషం లేదని తేల్చే పరీక్ష అయిపోయింది. సుజానీ అనే పట్టుదారపు పూలకుట్టులో ఊరంతా మెచ్చిన సనోబర్ వేళ్ళు వాచిపోయాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు. కోడలు కాపురానికి వచ్చిన చలికాలంలోనే ఆ వాపు మొదలైంది. ఇంకేం కావాలి? అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! నిన్న తన బొంత మడతలో సూది దొరికేసరికి, ఇది చేతబడేనని తేల్చేసింది. శుక్రవారం కోడల్ని పుట్టింటికి పంపేస్తానంది. అడ్డొచ్చిన కొడుకు నోరు మూయించింది.

అయినా దిల్రబో బతిమాలగా బతిమాలగా సనోబర్ ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టర్ నఫీసా రక్తపరీక్ష కాగితాలు చూస్తుంటే, తలగుడ్డ కొంగులో మూటగట్టి తెచ్చిన సూదిని బయటికి తీసింది.

"ఇదిగో నా జబ్బు. మా కోడలు పెట్టింది."

"అలాగే పట్టుకోండి పెద్దమ్మా, చెబుతాను. మన ఒంట్లో క్రిముల్ని పట్టే కాపలా కణాలుంటాయి. పనయ్యాక అవి సద్దుమణగాలి. మీ ఒంట్లో సద్దుమణగడం లేదు. మీ కీళ్ళ పొరనే శత్రువనుకుని మీద పడ్డాయి. ఒకటి కేకేస్తే పది వస్తాయి, ఆ పదీ వందను పిలుస్తాయి. కంచే చేను మేస్తోంది."

"వాటికేం పోయేకాలం?"

"ఎందుకు మొదలవుతుందో మాకూ పూర్తిగా తెలీదు. వాటిని నెమ్మదింపజేసే మందులున్నాయి. అవునూ, సూదేదీ?"

సనోబర్ చేతిలో ఏమీ లేదు. డాక్టరమ్మ వంగి, ఆమె గౌను మడతలోంచి సూది తీసింది.

"జారినట్టు తెలియనే లేదు కదూ? ఇంట్లో ఎక్కడ కూర్చుని కుడతారు?"

"బొంత మీద," అంది సనోబర్. అనేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చేసరికి దిల్రబో బట్టలు మూట కట్టుకుని ఉంది. అయినా టీ పోసి, అలవాటుగా ఆ గిన్నెను తన నోటి దగ్గరికి తీసుకుంది. సనోబర్ వాచిన చేతులతో దాన్ని లాక్కుని, ఊదుకోకుండానే తాగేసింది.

"ఆ మూట విప్పు తల్లీ. నా సూదిలో దారం ఎక్కించు. నా వేళ్ళకు పట్టు చిక్కడం లేదు."

కాపలా అవసరమే పాఠకులారా. కానీ దొంగ లేని ఇంట్లో కర్ర దించని కాపలావాడు చివరికి ఇంటివాళ్ళనే కొడతాడు.