డగ్‌గారి ఆదివారాలు

ఏడు ఫొటోలు చాలవూ, చాలు, ఒక్కొక్కటీ ఒక్కో ఆదివారం, గడ్డకట్టిన చెరువు మీద మంచుకి కన్నం పెట్టి గాలం వేసుకుని కూర్చున్న డగ్, బీరు డబ్బా పైకెత్తి పట్టుకున్న డగ్, ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మొహానికి నీలం రంగు పులుముకున్న డగ్, ఇన్ని ఆదివారాల్లో ఒక్కదానిలోనూ చర్చి గడప కూడా కనబడదు, అన్నీ వాడే ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాడు, తను తవ్వి తీసిందేమీ లేదు, రెండేళ్ళుగా కంటపడ్డప్పుడల్లా దాచాడు అంతే, ఎందుకు దాస్తున్నాడో తెలియకుండానే దాచాడని ఫణి తనకు తాను చెప్పుకున్నాడు గానీ అది శుద్ధ అబద్ధం, ఎందుకో బాగా తెలుసు, ఇదిగో ఈ రోజు కోసమే, ఈ సోమవారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళోని ఈ ఆఫీసు రెండో అంతస్తులో, తన స్క్రీన్ మీద డగ్ అర్జీ తెరుచుకుని ఉండటం కోసమే, మత విశ్వాసం వల్ల ఇకపై ఆదివారాలు ఆన్‌కాల్ డ్యూటీ చేయలేను, మినహాయింపు ఇప్పించగలరు, బదులుగా వారంలో ఏ రోజైనా చేస్తాను, కింద రెండు బటన్లు, అప్రూవ్, డినై, పది గంటలకి హెచ్ఆర్ నుంచి కృతి ఫోన్ చేస్తుంది, ఫొటోలున్నాయని ఆమెకి ముందే చెప్పి ఉంచాడు, ఈలోగా కారణం రాసి పెట్టాలి, రాస్తాడు, ఎందుకు రాయడు, ఒకప్పుడు మేనేజర్‌గా తన నెత్తినెక్కి కూర్చున్న మనిషి కిందటేడు కంపెనీ టీములు మార్చిన రీఆర్గ్‌లో కిందికి దిగి ఇప్పుడు తను వేసే డ్యూటీ రోస్టర్‌లో ఒక పేరుగా మిగిలాడు, వీళ్ళ సాఫ్ట్‌వేర్ ఆగితే కార్ల ప్లాంటులో లైన్ ఆగిపోతుంది కాబట్టి రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఫోన్ పక్కన పెట్టుకుని ఉండాల్సిందే, ఆ ఒకరు ఎవరన్నది ఇప్పుడు ఫణి చెప్పాలి, ఇన్నాళ్ళకి దొరికావురా నాయనా.

అర్జీతో పాటు ఎన్ని కాగితాలు జత చేశాడో, పాస్టర్ ఉత్తరం, ప్రెసిడెంట్ మత స్వేచ్ఛ కోసం కమిషన్ వేశాడన్న వార్త ప్రింటు, అది చాలనట్టు సుప్రీం కోర్టు తీర్పు, ఆదివారం పార్సెళ్ళు పంచనన్న ఒక పోస్టల్ ఉద్యోగి కేసు, వ్యాపారానికి గట్టి నష్టం ఉందని చూపిస్తే తప్ప ఇలాంటి మినహాయింపు కాదనకూడదని తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద చెప్పిన తీర్పు, కావలసిన చోటల్లా పసుపు రంగు గీతలు గీసి మరీ పంపాడు, ఏమి భక్తి, ఏమి శ్రద్ధ, మొన్న సెప్టెంబరులో ఈ కోర్టు గుర్తు రాలేదేం, ఆ శుక్రవారం ప్రెసిడెంట్ హెచ్‌వన్‌బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజని సంతకం పెట్టినప్పుడు టీమ్‌లో అందరికంటే చిన్నది అదితి హైదరాబాదులో అక్క పెళ్ళిలో ఉంది, గడువు దాటితే దేశంలోకి రానివ్వరేమోనని తలంబ్రాల బియ్యం జుట్టులోంచి దులుపుకోకుండానే ఎయిర్‌పోర్టుకి పరిగెత్తింది, అక్కని అత్తారింటికి పంపడం కూడా చూడలేదు, తీరా విమానంలో ఉండగా అది కొత్త దరఖాస్తులకే అని తేలింది, సోమవారం ఎర్రబడ్డ కళ్ళతో మీటింగులో కూర్చున్న ఆ పిల్ల ముందే డగ్ కాఫీ చప్పరిస్తూ, ప్రెసిడెంట్ అంటే అలా ఉండాలి, ఒక్క సంతకం, ఖతం, జడ్జీలని అడిగేదేముంది అన్నాడు, ఆ నోటితోనే ఇప్పుడు జడ్జీల పేరు చెబుతున్నాడు, ఒళ్ళు మండిపోతోంది ఫణికి, మండనీ, హాయిగా ఉంది.

అయినా అసలు పగ అదితిది కాదు, అది వడ్డీలాంటిది, అసలు వేరే ఉంది, అది బుధవారం, రెండేళ్ళ కిందటి ఏప్రిల్, నాన్న ఆబ్దికం, వంటింట్లో వేలాడే విజయవాడ క్యాలెండర్ చూసి దశమి గురువారమని లీవు పెట్టుకున్నాడు, తీరా ఆబ్దికం పెట్టించే శాస్త్రిగారు ఫోన్ చేసి, ఇండియా క్యాలెండర్ చూశారా ఏమిటి ఫణిగారూ, ఇక్కడి టైముకి దశమి బుధవారం మధ్యాహ్నానికే ఉంది, గురువారం తెల్లవారేసరికి వెళ్ళిపోతుంది అన్నారు, ఇక్కడ పదేళ్ళుగా ఉంటూ ఆ మాత్రం చూసుకోని తనది బుద్ధితక్కువే, ఒప్పుకుంటాడు, బుధవారం ఆన్‌కాల్ తనదే, కొంచెం మార్చండని డగ్‌ని చాట్‌లో అడిగాడు, ఆ జవాబు అక్షరం అక్షరం గుర్తుంది, పోయిన వారం గురువారం అన్నావు, ఇప్పుడు బుధవారం అంటున్నావు, మీ దేవుడు కూడా రీషెడ్యూల్ చేస్తాడా, సారీ, బిజినెస్ నీడ్, చివర పళ్ళికిలించే పసుపు బొమ్మ ఒకటి, ఆ బొమ్మ చెంప ఊహలో ఎన్ని రాత్రుళ్ళు పగలగొట్టాడో, సరిగ్గా పిండం చేతిలోకి తీసుకున్నప్పుడే డైనింగ్ టేబుల్ మీద ఫోన్ మోగింది, మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది, జంధ్యం కుడి భుజం మీదే ఉంది, వేలికి దర్భ పవిత్రం ఉంది, పీట మీద నుంచి లేచి తడి బట్టలతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, నలభై నిమిషాలు, శాస్త్రిగారు కళ్ళు మూసుకుని ఉండిపోయారు, భార్య త్రివేణి వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్క మాట, ఒకే ఒక్క మాట, మామయ్యగారు వచ్చి కూర్చున్నారేమోనండీ అంది, వేళ్ళకి అంటుకున్న నువ్వు గింజ ఒకటి కీబోర్డు సందులో పడిపోయింది, ఎంత దులిపినా రాలేదు, ఆ లాప్‌టాప్ తిరిగి ఇచ్చేసే దాకా ఆ మీట నొక్కినప్పుడల్లా గరగరలాడేది.

అందుకే కారణం అనే గడిలో ఫణి ముందే తయారు చేసుకున్న వాక్యం రాశాడు, మీ ఆదివారం ఇన్నేళ్ళూ ఎక్కడికి వెళ్ళింది, మీ దేవుడు కూడా రీషెడ్యూల్ చేస్తాడా, సారీ, బిజినెస్ నీడ్, రాసి చదువుకుని లాలాజలం మింగాడు, అంత రుచిగా ఉంది, అంతలో ఫోన్, కృతి, ఇక్కడే పుట్టిన పిల్ల, గుడిలో అంకుల్ అంటుంది, ఆఫీసులో పేరు పెట్టి పిలవాలి కాబట్టి ప్రతిసారీ తడబడుతుంది, అంకుల్, సారీ, ఫణీ, ఆ ఫొటోస్ పంపించకండి ప్లీజ్, మనిషి ఈ ఇయర్ నమ్మడం స్టార్ట్ చేసినా లా ఓకే అంటుంది, లాస్ట్ ఇయర్ ఫిషింగ్ మనకి అనవసరం, నిజంగా వర్క్‌కి లాస్ ఉందా చెప్పండి, ఉంటే నేనే నో అంటాను, ఫణి లెక్క చూసుకున్నాడు, ఆదివారాలకి అదితి సై అంది, సోమవారాలు తీసుకోమన్నా డగ్ సై అన్నాడు, నష్టం ఎక్కడుంది, అది కాదమ్మా కృతీ, అతను నాకేం చేశాడో నీకు తెలియదు అని బుధవారం సంగతంతా గబగబా చెప్పేశాడు, కృతి నెమ్మదిగా, అంకుల్, దట్ ఈజ్ సో రాంగ్, బట్ మీరు ఫామ్ ఫైల్ చేయలేదా, ఏ ఫామ్ అన్నాడు ఫణి, ఇదే ఫామ్ అంకుల్, ఈ జడ్జిమెంట్ వచ్చిన ఇయరే పెట్టారు, అప్పుడు కూడా ఉంది, కోర్టు అందరికీ చెప్పింది కదా, ఓన్లీ చర్చికి కాదు, ఆ చాట్ ఉంటే నాకు పంపండి, ఇప్పుడైనా నేను కంప్లైంట్ ఓపెన్ చేస్తాను, డగ్‌ని నేను అడుగుతాను.

పంపుతాడు, తప్పకుండా పంపుతాడు, ఫొటోలకంటే ఇది పదునైన కత్తి, రెండేళ్ళ వెనక్కి చాట్ జరుపుకుంటూ పోయాడు, నవంబరు, జూన్, మే, ఏప్రిల్, దొరికింది, అదిగో పసుపు బొమ్మ, పళ్ళు అలాగే ఉన్నాయి, మీ దేవుడు కూడా, ఉంది, బిజినెస్ నీడ్, ఉంది, పదీ పదమూడు నిమిషాలకి పంపాడు, దాన్ని ఫొటో తీయబోతుంటే కింద ఇంకొకటి కనిపించింది, పదీ పధ్నాలుగుకి, నో వర్రీస్ డగ్, టోటల్లీ అండర్‌స్టాండ్, ఐ విల్ మేనేజ్, చివర నవ్వే బొమ్మలు, ఒకటి కాదు రెండు, ఎవరు రాశారిది, పేరు ఫణి అని ఉంది, ఇది ఎప్పుడు రాశాడు తను, ఇన్ని రాత్రుళ్ళు ఆ చాట్ మనసులో చదువుకున్నాడే, ఒక్కసారైనా ఈ లైను రాలేదే, ఒక్క నిమిషం, పదమూడుకీ పధ్నాలుగుకీ మధ్య ఒక్క నిమిషమైనా పూర్తిగా ఉందో లేదో, అందులో నాన్న లేడు, తిథి లేదు, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదలాలన్న లెక్క ఒక్కటే ఉంది, అప్పటికి గ్రీన్‌కార్డు రాలేదు, నిజమే, భయం నిజమే, కానీ డగ్ బెదిరించలేదు, ఒక్కసారి కాదన్నాడు, తను రెండు నవ్వులు నవ్వి సరే అన్నాడు.

డగ్ దుర్మార్గుడే, అందులో ఇసుమంత మార్పు లేదు, అదితి ముందు అన్న మాట వాడు ఏనాటికీ వెనక్కి తీసుకోలేడు, ఈ చాట్ కృతికి వెళ్ళి తీరుతుంది, రెండు లైన్లూ కలిపే వెళుతుంది, కానీ రెండేళ్ళుగా వాడు అనుకుని చెంప పగలగొట్టిన ఆ పసుపు బొమ్మ కింద తన మొహమే ఉంది, ఫణి కారణం గడిలో రాసుకున్నదంతా చెరిపేశాడు, వాక్యం పోతుంటే నోట్లో ముద్ద లాగేసుకున్నట్టుంది, అప్రూవ్ నొక్కాడు, తర్వాత ఖాళీ ఫామ్ ఇంకొకటి తెరిచాడు, పేరు దగ్గర ఫణి అని కొట్టాడు, ఈ నెల దశమి శుక్రవారమని క్యాలెండర్ అంటోంది, శాస్త్రిగారిని ఇంకా అడగలేదు, నాన్నగారి ఆబ్దికం, తేదీ ఒక రోజు ముందుకి జరగవచ్చు అని రాశాడు, క్షమించమని రాయలేదు, నవ్వే బొమ్మ పెట్టలేదు, రోస్టర్‌లో గురువారం డగ్, శుక్రవారం డగ్, ఏ రోజైనా చేస్తానన్నాడుగా, చేయనీ, ఆ రెండు రోజులూ ఫోన్ వాడి పక్కన మోగనీ, వాడు అడిగాడు కాబట్టి వాడి ఆదివారాలు వాడికి దక్కాయి, తను అడగలేదు, ఆ బుధవారం పీట మీద నుంచి తనని ఎవరూ లేపలేదు, లేచింది తనే.