మంగళవారం బాట

అమీనాబీ రోజూ తెల్లవారకముందే లేచి రెండు జొన్నరొట్టెలు కాల్చుకొని, చెనిక్కాయల పొడితో మూట కట్టుకొని, గాజుల మలారం భుజానేసుకొని తన ఊరైన యాడికిని దాటేది. సోమవారం ఒక పల్లె, బుధవారం ఇంకో పల్లె. ఆ చుట్టుపక్కల ఆమె కాళ్ళకు తెలియని బాట లేదు. మంగళవారం మాత్రం ఇంట్లోనే ఉండి గాజులను తాళ్ళకు ఎక్కించుకునేది. మంగళవారం కనుమ బాట పక్క పల్లెకు పోదు, పరదేశానికి పోతుంది. ఆ దేశంలో గాజులు ఎవరు వేసుకుంటారో ఆమెకు తెలియదు.

ఆ బాట అట్లా తిరగబట్టి రెండేండ్లయింది. వానలు లేని ఆ ఏడు గొర్రెల కాపరి ఎర్రిస్వామి మందను తోలుకొని కనుమ ఎక్కి అవతలికి దిగితే, మోకాలెత్తు పచ్చగడ్డి కనపడింది. అప్పటినుంచి మంగళవారం ఊరి మందలన్నీ ఆడికే. ఈడ పది గంటలకు కనుమ దాటితే ఆడ అప్పుడే తెల్లవారుతుంటుంది కాబట్టి, కాపరులు ఇంట్లో సంగటి తిని తీరిగ్గా బయలుదేరేవాళ్ళు. అది ఏ దేశమని ఎవరూ అడగలేదు. గడ్డి ఉంది, అంతే చాలు.

1957 ఎండాకాలంలో హనుమంతరాయుడు పట్టాళం నుంచి పింఛను మీద ఊరికి వచ్చినాడు. ఒక మంగళవారం కాపరుల వెంట సరదాగా పోయి, సాయంత్రం నేరుగా అమీనాబీ గుమ్మం ముందు నిలబడినాడు.

"అది ఇటలీనమ్మా," అన్నాడు. "యుద్ధంలో నేను రెండేండ్లు ఉండిన దేశం. నీ మొగుడు జిలాన్ బాషా పోయింది ఆడికే."

అమీనాబీ చేతిలోని గాజుల తాడు పక్కన పెట్టింది. పెండ్లయిన ఏడాదికే జిలాన్ బాషా పట్టాళంలో చేరినాడు. రెండేండ్ల తర్వాత ఒక కాగితం వచ్చింది. చనిపోయినాడని కాదు, కనపడలేదని. అప్పటినుంచి ఆమె పెండ్లామూ కాదు, ముండమోపీ కాదు. వీధి చివర గిన్నెలకు కళాయి పోసే పీర్ మహమ్మద్ మూడేండ్లుగా ఆమెను నిఖా చేసుకుంటానని అడుగుతున్నాడు. ఖాజీ సాబ్ ఎప్పుడో సెలవిచ్చినాడు. ఆమె మనసే ఇయ్యలేదు. కాగితం చెప్పని మాట ఎవరైనా చెప్పాలి కదా.

"ఆయన యాడ కనపడకుండా పోయినాడో నీకు తెలుసా అన్నా?"

"ఆయనది కంచరగాడిదల కంపెనీ. కొండల మీదికి మందుగుండు మోసేవాళ్ళు. కొండెక్కినాక, గంటగోపురం నడిమికి విరిగిన ఊరొకటి ఉండాది. ఆ ఊరి నుంచి పైకి పోయినారు, మంచు పడింది. ఆయనొక్కడే తిరిగి రాలేదు."

"కనుమ కాడి నుంచి ఎంత దూరం?"

"కారులో అయితే ఒక రోజు తల్లీ."

ఈ మాట చెనిక్కాయల మిల్లు శ్రీరంగప్ప చెవిన పడింది. ఆయనకూ ఇటలీ చూడాలని ఉంది. అనంతపురం నుంచి బాడుగ కారు తెప్పించి, మంగళవారం పొద్దున అమీనాబీని వెనక సీట్లో కూర్చోబెట్టుకొని బయలుదేరినాడు. పక్కనే ఎర్రిస్వామి గొర్రెలు కనుమ దాటి ఇటలీలోకి దిగిపోయినాయి. కారు కనుమ దాటి తాడిపత్రి రోడ్డు మీదికి దిగింది. శ్రీరంగప్ప మూడు సార్లు వెనక్కి తిప్పించినాడు. మూడు సార్లూ తాడిపత్రే.

"డ్రైవరుకు దారి తెలీదు," అన్నాడు శ్రీరంగప్ప.

"దారికి కారు తెలీదప్పా. నన్ను కనుమ కాడ దించు, నడిచి పోతా," అంది అమీనాబీ.

పీర్ మహమ్మద్ కనుమ దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేనూ రానా?"

"వద్దు. ఇది నేనొక్కదాన్నే చూసుకోవల్ల."

"వచ్చే మంగళవారం ఈడే ఉంటా," అన్నాడు అతను.

అవతలికి దిగగానే చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఎటు చూసినా పందిళ్ళకు పాకిన ద్రాక్ష తీగలు, మెట్లు మెట్లుగా దిగే చేలు. యాడికి చుట్టూ ఎర్రమట్టి, నల్లరాళ్ళు చూసిన కండ్లకు అంత పచ్చదనం ఒక్కసారిగా పట్టలేదు. అమీనాబీ చిన్నపిల్లలాగా అడుగు అడుగుకూ ఆగి చూసింది. పలక మీద సుద్దతో విరిగిన గోపురం గీసుకొని వచ్చింది. కనపడినవాళ్ళందరికీ అదే చూపించింది. వాళ్ళు చేతులతో తూర్పు చూపించినారు.

ఒక పాలబండి ఆమె పక్కన ఆగింది. తోలుతున్న ఆడమనిషి గాజుల మలారం చూసి చెయ్యి చాచింది. అమీనాబీ ఆ చెయ్యిని మెత్తగా పిసికి, డజను ఎర్రగాజులు ఎక్కించింది. ఆమె చేతిని ఎండలో తిప్పి తిప్పి చూసుకుంటూ రైలు దాకా బండి తోలింది. రెండు పెట్టెల చిన్న రైలు అది. టికెట్టు గుమాస్తా కోపంగా వచ్చి, కూతురికి పచ్చగాజులు పుచ్చుకొని నవ్వుతూ పోయినాడు. ఆ రైలు ప్రతి తోట దగ్గరా ఆగింది. ఎవరో ఉల్లిగడ్డ, రొట్టె పెట్టినారు. ఆమె జొన్నరొట్టె తుంచి ఇచ్చింది. తిన్న ముసలాయన చాలాసేపు నమిలి, ఇంకో తునక అడిగినాడు.

మరుసటి రోజు నీలం బస్సు. మన పక్క పామిడి పోయే బస్సులో మాదిరే కోళ్ళు, మూటలు, కాళ్ళ కింద గుమ్మడికాయలు. డ్రైవరు ఒంటిచేత్తో మలుపులు తిప్పుతూ పాడుతుంటే, పక్కన లోయ చూసి అమీనాబీ ముందు సీటు పట్టుకొని గట్టిగా నవ్వింది. అట్లా నవ్వి ఎన్నేండ్లయిందో ఆమెకే గుర్తు లేదు. మూడో రోజు ఉత్తరాలు పంచే మనిషి సైకిలు వెనక కూర్చోబెట్టుకొని, ఎత్తు వచ్చినప్పుడల్లా దింపి నడిపించినాడు. ఎవరింట్లో ఆగినా పడుకోను చోటిచ్చినారు. పొద్దున లేచేసరికి ఆ ఇంటి ఆడవాళ్ళు వరసగా చేతులు చాపి కూర్చునేవాళ్ళు.

శుక్రవారం మధ్యాహ్నం ఒక మలుపు తిరగ్గానే కొండ మీద గోపురం కనపడింది, నడిమికి విరిగి. అమీనాబీ కాళ్ళు ఆడనే నిలబడిపోయినాయి. ఊరు చిన్నది. రాళ్ళు పరిచిన సందు. ఎవరిని ఏమని అడగాలో తెలియక గోడకు ఆనుకొని నిలబడింది.

అప్పుడు సందు పైనుంచి తెలుగులో ఒక ఆడగొంతు వినపడింది.

"యాడికీ! నిదానం, నిదానం. యాడికీ!"

కట్టెల మోపులు మోస్తూ ఒక కంచరగాడిద దిగుతోంది. వెనక నలభై ఏండ్ల ఇటలీ ఆడమనిషి. గాడిద రాళ్ళ మీద కాలు జారబోతే ఆమె మళ్ళీ అంది, "నిదానం, యాడికీ."

అమీనాబీ ఎదురుపోయి గాడిద మెడ పట్టుకుంది. "యాడికి పోతాండావే?" అంది. గాడిద చెవులు రెండూ ముందుకు లేచినాయి. తల తెచ్చి ఆమె భుజానికి ఆనించింది. వెనకున్న ఆడమనిషి చేతిలో పట్టుకున్న తాడు జారవిడిచింది.

ఆమె పేరు అసుంత. ఆ సాయంత్రం పొయ్యి పక్కన కూర్చొని చేతులతోనే అంతా చెప్పింది. మంచులో గాడిద ఒక మనిషిని వీపు మీద మోసుకొచ్చి ఈ వాకిట్లో ఆగింది. మనిషి కడుపులో గాయం. నాలుగు రోజులు బతికినాడు. గాడిద తన మాట తప్ప వినదని, ఆ మాటలు అసుంతకు నేర్పించినాడు. దాని పేరు యాడికి అని చెప్పినాడు. చివరి రోజు చేతితో నమాజు చేసే దిక్కు చూపించి, పూడ్చేటప్పుడు తన ముఖం అటు ఉండాలన్నాడు. పట్టాళం అప్పటికే ముందుకు పోయింది. చెప్పడానికి ఎవరూ లేరు. అసుంత, వాళ్ళమ్మ ఇద్దరే గొయ్యి తవ్వినారు.

ఇంటి వెనక చెట్టు కింద, చుట్టూ రాళ్ళు పేర్చిన సమాధి. గడ్డి శుభ్రంగా పీకి ఉంది. అమీనాబీ అక్కడ కూర్చొని ఏడ్చింది. ఏడుపు అయిపోయినాక వచ్చిన తేలికకు ఆమెకే ఆశ్చర్యమేసింది. పదమూడేండ్లు ఆయన ఒంటరిగా లేడు. ఎవరో రోజూ ఆయన మాటలు పలుకుతూనే ఉన్నారు.

శనివారం రోజంతా ఆడనే ఉంది. అమీనాబీ అసుంత రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు వేసింది. అసుంత ఆమెకు రాగి కుండలో జొన్నపిండి లాంటి పిండి ఉడకబెట్టి పెట్టింది. ఆ కుండ లోపల నల్లగా అయిపోయి ఉంది. అమీనాబీ వేలితో గోకి చూసింది. ఆదివారం పొద్దున అసుంత గాడిదతో లోయ దాకా వచ్చి బస్సెక్కించింది.

మంగళవారం మధ్యాహ్నపు ఎండలో ఎర్రిస్వామి మంద వెనకే ఆ పక్క కనుమ ఎక్కి, ఈ పక్క సాయంత్రంలోకి దిగింది. పీర్ మహమ్మద్ బండ మీద కూర్చొని ఉన్నాడు. ఆమె ఖాళీ మలారం చూసినాడు, ముఖం చూసినాడు.

"కనపడినాడా?"

"కనపడినాడు. మంచోళ్ళ ఇంట్లో పండుకోనుండాడు."

అతను తల దించుకున్నాడు. గొర్రెలు వాళ్ళ పక్కనుంచి దాటిపోయినాయి.

"ఆ ఇండ్లన్నిట్లో రాగి కుండలే," అంది అమీనాబీ. "కళాయి పోయి ఎంత కాలమైందో. వచ్చే మంగళవారం నీ కొలిమితిత్తి తీసుకో. ముందు ఆయన కాడ ఇద్దరం ఫాతిహా చదువుదాం. తిరిగొచ్చినాక ఖాజీ సాబ్ ఇంటికి పోదాం."

పీర్ మహమ్మద్ లేచి, ఆమె భుజం మీది మలారం తీసుకొని తన భుజాన వేసుకున్నాడు.

"ఎట్లా పోవల్ల ఆడికి?"

"నడవల్ల," అంది ఆమె, ముందు నడుస్తూ. "పాలబండి, రైలు, బస్సు, సైకిలు. చెప్తా రా."