తెర వెనుక నుంచి మంగాయమ్మ చెప్పిన సాక్ష్యం

ఏలూరు తంగెళ్లమూడిలో అబ్దుల్ వహాబు తివాచీల మగ్గాలు నడిపే స్థలం అతనిది కాదు. ఊళ్లో ఒక రాజుగారు దాన్ని నోటిమాట మీద అద్దెకిచ్చారు. వహాబు పాక వేసుకున్నాడు. ఏటా ఉగాదికి అద్దె చెల్లిస్తూ వచ్చాడు. కాగితం రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

1934లో రాజుగారు పోయారు. పిల్లల్లేరు. ఉమ్మడి ఆస్తి మొత్తం తమ్ముడు సుబ్బరాజు చేతికి వచ్చింది. రాజుగారి భార్య మంగాయమ్మకు ఆ ఇంట్లో తిండీ బట్టా తప్ప వాటా లేదు. ఆ స్థలంలో బియ్యం మిల్లు పెట్టాలని సుబ్బరాజు ఉద్దేశం. వహాబు దౌర్జన్యంగా ఆక్రమించుకున్నాడని మునసబు కోర్టులో దావా వేశాడు.

“అద్దెకిచ్చారనడానికి సాక్షులెవరైనా ఉన్నారా?” అని అడిగాడు వహాబు ప్లీడరు సూర్యప్రకాశరావు.

“ఆ రోజు మంగాయమ్మగారు తలుపు వెనకాల ఉన్నారండి. కానీ ఆ ఇంటి కూడు తినే మనిషిని ఆ ఇంటి మీదే చెప్పమని ఎలా అడగనండీ?”

అడిగే అవసరం రాలేదు. సుబ్బరాజే ఆమెను తన సాక్షిగా వేసుకున్నాడు. “అద్దె సంగతి నాకు తెలియదనండి వదినగారూ, చాలు” అన్నాడు.

మంగాయమ్మది ఘోషా, పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు. అందుకని కోర్టువారు సాక్ష్యం రాసుకోవడానికి ఒక వకీలును కమీషనరుగా ఇంటికే పంపారు. హాల్లో తెర కట్టారు. వహాబు వసారాలో నిలబడ్డాడు.

“ఆ స్థలం ఇతనికి అద్దెకిచ్చినట్టు మీకేమైనా తెలుసాండీ?” అని సుబ్బరాజు ప్లీడరు అడిగాడు.

“తెలుసండి,” అంది మంగాయమ్మ. “మగ్గాలు ఆడినన్నాళ్లు ఉండమని మావారు నేను వింటుండగానే అన్నారు. ఇతను తెచ్చే అద్దె నా చేతికే ఇచ్చి దాయమనేవారు.”

సుబ్బరాజు లేచాడు. “వదినగారూ, కాస్త ఆలోచించి చెప్పండి.”

“ఆలోచించే చెప్తున్నానండి. ఆయన ఇచ్చిన మాట లేదని నా నోటితో నేనెలా అనగలను?”

కమీషనరు కలం ఒక్క క్షణం ఆపి, తెర వైపు చూసి, మళ్లీ రాసుకున్నాడు.

దావా కొట్టేశారు. సుబ్బరాజు వదినతో మాటలు మానేశాడు. భోజనం వేళ ఆమెను పిలవడం కూడా మానేశారు. మంగాయమ్మ ఒక ట్రంకు పెట్టెతో తాడేపల్లిగూడెంలో అన్నగారింటికి వెళ్లిపోయింది. సూర్యప్రకాశరావు ఫీజు పుచ్చుకోకుండా ఆమె తరఫున మనోవర్తికి నోటీసు ఇచ్చాడు. మరోసారి కోర్టుకెక్కడం ఇష్టంలేక సుబ్బరాజు ఒప్పుకున్నాడు.

ఆ వేసవిలో వహాబు భార్య ఆబిదాను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్లాడు. తను వీధి అరుగు మీదే ఉండిపోయి ఆమెను లోపలికి పంపాడు. చాలాసేపటికి ఆబిదా బయటికి వచ్చింది.

“దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారండి,” అంది రైల్లో. “కేసు ఊసే ఎత్తలేదు. మన తివాచీల్లో ఎర్రరంగు ఉన్నికి ఎలా పట్టిస్తారని అడిగారు. చెప్తుంటే చిన్నపిల్లలా విన్నారు.”

వహాబు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.