గులకరాళ్ల కింద కాపురం

ఆమెకు నాన్న పెట్టిన ముద్దుపేరు పిల్లి. చిన్నప్పుడు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదట. నాన్న పోయాడు గానీ ఆ పేరు పోలేదు. ఇప్పుడామె ఊరి నీటి సరఫరా ఆఫీసులో నీళ్లు పరీక్షించే ఉద్యోగి. ఉండేది అక్క ఇంట్లో, మేడ మీది గదిలో. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే చాలు, బావ లోపలి నుంచి "పాల మీద మూత పెట్టవే" అని అక్కను హెచ్చరించేవాడు.

ఊరికి ఎగువన పెద్ద చిత్తడి నేల ఉంది. జమ్ము, తుంగ, మోకాలి లోతు నీళ్లు, అడుగు పడితే బుడుంగుమనే కప్పలు. దాని దిగువన వరుసగా నాలుగు ఊటబావులు. చిత్తడిలో నిలిచిన నీరు గులకరాళ్ల గుండా నిదానంగా దిగి ఆ బావుల్లో ఊరుతుంది. పంపులు దాన్నే తోడి ఊరికి ఇస్తాయి. నాలుగో బావికి అవతల, కూతవేటు దూరంలో మురుగు కాలువ.

పిల్లి నెలనెలా ఆ బావుల్లోకి సన్నటి వల దించి చూసేది. వలలో నువ్వుగింజంత తెల్ల రొయ్యలు పడేవి. వాటికి కళ్లుండవు, ఒంటికి రంగుండదు. చీకట్లో పుట్టి చీకట్లోనే పోయేవాటికి రెండూ దండగే. రాళ్ల సందుల్లో పేరుకునే జిగురు తింటూ, ఊట దారులు పూడిపోకుండా చూస్తూ అక్కడే కాపురముంటాయి. నీళ్లలో ప్రాణవాయువు కాస్త తగ్గినా ముందు పోయేది అవే. ఒకసారి ఎవరింట్లోనో కుళాయిలోంచి ఒకటి పడితే వీధంతా గగ్గోలు పెట్టింది. పిల్లి వెళ్లి, ఇవి ఉన్నన్నాళ్లూ నీళ్లకు ఢోకా లేదని, లేనినాడే భయపడాలని నచ్చజెప్పబోయింది. ఆ ఇంటి ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసి, అంత మంచివైతే నువ్వే తాగమ్మా అంది.

ఆ ఎండాకాలం నాలుగో బావిలో వల ఖాళీగా పైకొచ్చింది. మళ్లీ దించితే కాళ్లు ముడుచుకుని చచ్చిన రొయ్యలు కొన్ని వచ్చాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. రంగు, వాసన, ఉప్పు, క్రిములు, అన్ని పరీక్షలూ సరిగానే వచ్చాయి. ప్రాణవాయువు ఒక్కటే ఎప్పటికంటే కాస్త తక్కువ. అదీ అనుమతించిన హద్దులోనే ఉంది.

పిల్లి ఇంజినీరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన చెడ్డవాడు కాదు. చెప్పిందంతా ఓపిగ్గా వింటాడు, విన్నాక కుదరదంటాడు. దిగువ వీధులన్నిటికీ నీళ్లు ఆ బావి నుంచే పోతాయని, రొయ్యలు చచ్చాయని కుళాయిలు కట్టేస్తే జనం తనను బతకనివ్వరని అన్నాడు.

అప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన సీసానే మళ్లీ కడిగేది. కంచం ముందు కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు లేచిపోయేది. కూర్చుంటే తోచదు, నడిస్తే ఎటు పోవాలో తెలియదు. చివరికి ఒక పొద్దున చిత్తడి గట్టు పట్టుకుని ఎగువకు నడిచింది. జమ్ము మొదళ్లు ఎండి పసుపెక్కాయి. నీళ్లుండాల్సిన చోట బురద నెర్రెలు విచ్చింది. కప్పల ఊసే లేదు. మిగిలిన నీళ్లు ఎటు జారుతున్నాయో చూసుకుంటూ పోతే కొత్తగా తవ్విన లోతైన కందకం కనబడింది. చిత్తడి నీళ్లు అందులోంచి గలగలా పారి మురుగు కాలువలో కలుస్తున్నాయి. కందకం కొసన, బావ అద్దెకు తిప్పే తవ్వకం యంత్రం, దాని మీద బావ. ఆమెను చూసి హుషారుగా చెయ్యి ఊపాడు.

ఆయన దిగొచ్చేదాకా ఆమె అటూ ఇటూ పచార్లు చేస్తూనే ఉంది. ఎవరు తవ్వమన్నారని అడిగింది. గిడ్డంగులు కట్టే కాంట్రాక్టరు అన్నాడు బావ. ముందు నేల ఎండాలి, తర్వాత మట్టి పోసి మెరక చేస్తారట. ఊరికే నిలవున్న నీళ్లేగా, దోమలకు తప్ప ఎవరికి పనికొస్తాయన్నాడు.

పిల్లి బురదలో గొంతుక్కూర్చుని పుల్లతో గీసి చూపించింది. ఇది చిత్తడి, ఇది బావి, ఇది కాలువ. ఇటు నీరు తగ్గితే పంపు ఊరుకోదు, అటు నుంచి లాగుతుంది. అంటే దిగువ వీధులు తాగబోయేది కాలువ నీళ్లు. బావ మెడ మీది చెమట తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"నేను తవ్వమన్నచోట తవ్వేవాణ్ని. నేను కాదంటే ఇంకొకడు తవ్వుతాడు."

"ఇంకొకడైతే బురదలో కూర్చుని ఇంత చెప్పేదాన్ని కాదు బావా."

ఆయన మళ్లీ యంత్రం ఎక్కాడు.

సంగతి ఆయన కంటే ముందే ఇంటికి చేరింది. కింది గదిలో లాండ్రీ నడిపే అక్క, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చెల్లెలి దారికి అడ్డంగా నిలబడింది.

"బావి కోసం బావను బజారున పడేస్తావా?"

నీ లాండ్రీకి వచ్చేదీ ఆ బావి నీళ్లే అని చెప్పాలనుకుంది పిల్లి. అక్క మొహం చూసి, పక్కనుంచి తప్పుకుని మెట్లెక్కింది.

మర్నాడు ఇంజినీరు కుర్చీలో కూర్చునేసరికే ఎదురుగా నిలబడి, కాలువలో ఆకుపచ్చ రంగు కలుపుదాం అంది. ఒంటికి హాని చెయ్యని రంగు. బావిలో తేలితే తన మాట నిజం, తేలకపోతే మళ్లీ ఆ ఊసెత్తదు. పీడ వదులుతుందనుకున్నాడేమో, ఆయన సరేనన్నాడు.

రంగు కలిపారు. పిల్లి పంపు దగ్గరే మకాం వేసింది. సీసా నింపడం, వెలుగులోకి ఎత్తి చూడటం, పారబొయ్యడం, బావి చుట్టూ తిరగడం. ఇంజినీరు వెటకారానికని వచ్చి, ఆమె వాలకం చూసి తనూ గట్టు మీద కూర్చుండిపోయాడు. అలా రోజులు గడిచాయి. రంగు లేదు. తన లెక్కే తప్పేమోనని, అక్కనూ బావనూ ఊరికే బాధపెట్టానేమోనని ఆమెకు గుబులు పట్టుకుంది. అలా బెంగపడుతున్న ఒక మధ్యాహ్నం, సీసాలో లేతాకు చాయ కనబడింది. కళ్లు మోసం చేస్తున్నాయేమోనని ఇంజినీరు చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూశాడు.

"మురుగు మనింటికి నడిచొస్తోందన్నమాట," అని లేచి, తన చేత్తోనే వాల్వు తిప్పి నాలుగో బావిని కట్టేశాడు.

ఆ తర్వాత ఎవరికీ సుఖం లేదు. దిగువ వీధులకు రోజు విడిచి రోజు నీళ్లు. ట్యాంకరు దగ్గర బిందెలతో కుమ్ములాటలు, ఆఫీసు మీద శాపనార్థాలు. అక్క లాండ్రీలో ఉతకని బట్టలు గుట్టలు పడ్డాయి. చిత్తడి ఊరి ఉమ్మడి నేల కాబట్టి తవ్వకం ఆపించారు. కాంట్రాక్టరు మొహం చాటేశాడు. బావ ఇంట్లో కూర్చున్నాడు. కందకం పూడ్చడానికి యంత్రం కోసం వెతికితే దగ్గర్లో ఉన్నది ఆయనదే. తవ్వినవాడే పూడ్చాల్సి వచ్చింది.

పూడ్చినన్నాళ్లూ పిల్లి ఎండలో పక్కనే నిలబడింది. ఆయన తలెత్తి చూడలేదు. ఒకచోట బంకమట్టి గుల్లగా పడిందని, నీళ్లు కారతాయని అంది. ఆయన యంత్రాన్ని వెనక్కి తిప్పి అక్కడ గట్టిగా అదిమాడు. ఇంట్లో మాత్రం ఆమె మెట్లు దిగుతుంటే ఒక్క పలకరింపూ లేదు.

వానలు పడ్డాయి. చిత్తడి నిండింది. ఊట మళ్లీ ఎగువ నుంచి రావడం మొదలైంది. పరీక్షల మీద పరీక్షలు చేసి, నీళ్లు తాగొచ్చని తేలాకే నాలుగో బావి తెరిచారు. అక్క లాండ్రీలో నీళ్ల చప్పుడు వినబడింది. ఆ బావి వలలో మాత్రం ఏమీ పడలేదు.

ఒకనాడు అక్క పంపిన క్యారేజీ పట్టుకుని బావ ఆఫీసుకు వచ్చాడు. బల్ల మీద పెట్టి వెళ్లిపోకుండా నిలబడ్డాడు.

"నా నోటికాడి కూడు తీసిన ఆ మహానుభావుల్ని ఓసారి చూపించు."

ఆమె మొదటి బావిలో పట్టిన రొయ్యను మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. కడుపు కింద ఏదో ఉందన్నాడు. గుడ్లు అంది ఆమె. పెట్టేదే ఒకటో రెండో, అవి పెరగడానికి ఏళ్లు పడతాయంది.

"ఇంత నిదానమా? అయితే నీకు చుట్టాలు కావులే," అన్నాడు బావ. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇక్కడివి నాలుగు పట్టుకెళ్లి నాలుగో బావిలో వదిలితే సరిపోదా అని ఆయనే అడిగాడు. ఎన్నాళ్లుగానో ఆమె మనసును తొలుస్తున్న మాట అదే. వెంటనే లేచింది. మొదటి బావిలో వల వేసి, దొరికినవాటిని బకెట్లో పోసుకుని నాలుగో బావి దగ్గరికి నడిచింది. బావ వెనకే వచ్చాడు.

గట్టు మీద బకెట్ దించి, ముందు అడుగు నుంచి ఒక సీసా నీళ్లు తోడింది. పైన తేటగానే ఉన్నాయి. కుదిపితే అడుగు నుంచి నల్లటి నుసి లేచింది. రాళ్ల సందుల్లో మురుగు ఇంకా కూర్చునే ఉంది. మనుషులు తాగడానికి పనికొచ్చిన నీరు, వీటి కాపురానికి ఇంకా పనికిరాదు. బకెట్లో ఒక రొయ్య కడుపున గుడ్లతో పక్కకు ఒరిగి ఈదుతోంది. ఆమె చెయ్యి రెండుసార్లు బకెట్ మీదికి పోయింది, రెండుసార్లూ ఆగింది.

"వదలవేం?" అన్నాడు బావ.

"ఇప్పుడు కాదు బావా."

బకెట్ తీసుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచి, మొదటి బావిలోకి వంగి, నీళ్లు తుళ్లకుండా మెల్లగా వంపేసింది.